అప్పు చేయని ఈద్ విందు

రంజాన్ నెలలో చివరి పది రోజులు ఆరాధనలకు ఎంత విలువైనవో, ఇంటి ఖర్చుల లెక్కకు అంత బరువైనవి. ఒకవైపు తరావీహ్ నమాజులు, తాఖ్ రాత్‌లు, ఖుర్ఆన్ పారాయణం. మరోవైపు పిల్లల బట్టలు, చెప్పులు, ఫిత్రా, ఈదీ, సేమ్యా, పాలు, మాంసం. నెల పొడుగునా ఇఫ్తార్‌కు పండ్లూ ఖర్జూరాలూ కొన్న చేతికి చివరికి మిగిలేది తక్కువే. సరిగ్గా అప్పుడే ఇంట్లో అసలు ప్రశ్న ఎదురవుతుంది: పండుగ నాడు ఇంటికి వచ్చేవారికి ఏం వండి పెట్టాలి?

ఆటో నడిపే తండ్రికీ, పుల్లల పొయ్యి మీద పిండివంటలు చేసి అమ్మే తల్లికీ, చిన్న జీతంతో ఇల్లు నెట్టుకొచ్చే ప్రైవేటు టీచరుకూ ఈ ప్రశ్న చిన్నదేమీ కాదు. ‘గత ఏడు ఆడపడుచు ఇంట్లో మటన్ బిర్యానీ పెట్టారు, మనం దాల్చాతో సరిపెడితే నవ్వరా?’ అన్న సంకోచం చాలామందిని వడ్డీవ్యాపారి గుమ్మం దాకా నడిపిస్తుంది. పండుగ ఒక్క రోజులో ముగుస్తుంది. ఆ రోజు కోసం తెచ్చిన అప్పు మాత్రం బక్రీద్ దాకా ఇంట్లోనే కూర్చుంటుంది.

లెక్క వేసి చూడండి. రంజాన్ పండుగ నుంచి బక్రీద్‌కు సుమారు 70 రోజులు. పదివేల రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుంటే, బక్రీద్ వచ్చేసరికి వడ్డీ ఒక్కటే సుమారు ఏడు వందలు అవుతుంది, అసలు కదలకుండా అక్కడే ఉంటుంది. వడ్డీని అల్లాహ్ నిషేధించాడని నెలంతా ప్రసంగాల్లో విని, ఆ నెల ముగింపు విందునే వడ్డీ డబ్బుతో వండడం ఎంత విచారకరం! ముప్పై రోజాల తర్వాత వచ్చే సంతోషానికి ఇంత ధర కట్టనవసరం లేదు. కొంచెం ముందుచూపు, సరైన వంటల ఎంపిక, నలుగురి సహకారం ఉంటే చాలు. పదిహేను మందికి కడుపు నిండా, మర్యాదగా విందు పెట్టవచ్చు.

ధర్మం ఏం చెబుతోంది?

భోజనం విషయంలో ఇస్లాం మధ్యేమార్గాన్ని నేర్పింది. తినమనీ తాగమనీ అనుమతిస్తూనే, హద్దు మీరవద్దని ఖుర్ఆన్ ఏడవ సూరా అల్ ఆరాఫ్ 31వ వాక్యం హెచ్చరిస్తుంది. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ వాక్యం దైవదాసుల లక్షణాలు చెబుతూ, వారు దుబారా చేయరనీ, పిసినారితనమూ చూపరనీ, ఈ రెంటికీ మధ్య నిలుస్తారనీ వివరిస్తుంది. అంటే పండుగనాడు పొయ్యి వెలిగించకుండా కూర్చోమనీ కాదు, శక్తికి మించి వండమనీ కాదు.

దైవప్రవక్త (స) ఇంటి భోజనం ఎంత నిరాడంబరంగా ఉండేదో హదీసు గ్రంథాలు చెబుతాయి. ఒకసారి ఆయన రొట్టెలోకి నంజుకోవడానికి ఏముందని ఇంట్లో అడిగితే, సిర్కా తప్ప మరేమీ లేదని చెప్పారట. ఆయన దాన్నే తెప్పించుకుని, మెచ్చుకుంటూ తిన్నారని సహీహ్ ముస్లింలో ఉంది. అబూజర్ (రజి) గారికి ఆయన చేసిన ఉపదేశం మన వంటింటికి మరీ దగ్గరిది. శోర్వా వండేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసి, అందులోంచి పొరుగువారికి పంపమని చెప్పారు. మాంసం ఎక్కువ కొనమనలేదు, శోర్వా పెంచమన్నారు. ఇద్దరి తిండి ముగ్గురికి, ముగ్గురి తిండి నలుగురికి సరిపోతుందన్న ప్రవచనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. ముస్లిం స్త్రీలను ప్రత్యేకంగా ఉద్దేశించి, పొరుగింటికి పంపేది గొర్రె గిట్ట అయినా సరే చులకనగా చూడవద్దన్నారు. ఇచ్చే చేయి సిగ్గుపడనక్కరలేదు, పుచ్చుకునే చేయి చిన్నచూపు చూడరాదు. ఈ ఒక్క బోధ ఒంటబట్టినా ‘నవ్వుతారేమో’ అన్న భయం సగం తీరిపోతుంది.

ముందు ఫిత్రా, తర్వాతే మసాలా

పండుగ డబ్బును చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట వేరు చేయవలసింది ఫిత్రా. ఇంట్లోని ప్రతి ఒక్కరి తరఫున, పసిపిల్లలతో సహా, ఈద్ నమాజుకు వెళ్లకముందే ఇది బీదలకు చేరాలి. ప్రవక్త (స) కాలంలో తలకు ఒక ‘సా’ ఖర్జూరాలో, యవలో ఇచ్చేవారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం గోధుమలైతే అర సా, అంటే తలకు సుమారు 1.6 నుంచి 1.75 కిలోలు, లేదా దాని విలువ. ఆరుగురున్న ఇంటికి దాదాపు పది కిలోల గోధుమలన్నమాట. మీ ఊరి ధర ప్రకారం ఎంతవుతుందో మసీదు ఇమాం సాహెబ్‌ను అడిగి, ఆ మొత్తాన్ని వేరే కవరులో పెట్టండి. ఆ కవరు నుంచి ఉల్లిగడ్డలకు కూడా తీయకూడదు.

ఎందుకంటే పండుగనాడు ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరిపోకూడదన్నదే ఫిత్రా ఉద్దేశం. ఉపవాసాల్లో దొర్లిన పొరపాట్లకు ప్రక్షాళనగా, బీదలకు ఆహారంగా దాన్ని నిర్ణయించారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం చెబుతుంది. మన దస్తర్‌ఖాన్ పరిచే ముందు మరో ఇంటి దస్తర్‌ఖాన్ గురించి ఆలోచించాలన్నమాట.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ ఏడు మీ పరిస్థితే బాగాలేకపోతే, పనిపోయి, జబ్బుచేసి చేతిలో ఏమీ లేకపోతే, ఫిత్రా పుచ్చుకోవడంలో అవమానం లేదు. అది ఒకరి దయ కాదు, బీదవారికి ధర్మం ఇచ్చిన హక్కు. అర్హత ఉండీ సంకోచంతో దాన్ని కాదని, వడ్డీకి పరుగెత్తడం తెలివైన పని కాదు. తెలిసినవారు ఇలాంటి ఇళ్లను గుర్తించి, నలుగురికీ తెలియకుండా, పండుగకు రెండు మూడు రోజుల ముందే అందజేస్తే వారూ తీరిగ్గా సరుకులు కొనుక్కోగలుగుతారు.

ఏం వండాలి?

ఖర్చు తగ్గాలంటే ఒక్కో సరుకులో కోత పెట్టడం కంటే వంటను సరిగ్గా ఎంచుకోవడం మేలు. ఒక ఉదాహరణ చూద్దాం. ఇంట్లో ఆరుగురు, ఆడపడుచు కుటుంబం నలుగురు, స్నేహితులూ ఇరుగుపొరుగూ కలిసి ఐదుగురు. మొత్తం పదిహేను మంది.

పచ్చి మాంసంతో దమ్ చేసే బిర్యానీకి బియ్యం ఎంతో మాంసమూ కనీసం అంత ఉండాలి. పదిహేను మందికి రెండు కిలోల మటన్, పైగా నెయ్యి, పెరుగు, కేసరి, వేయించిన ఉల్లి. దాని పక్కన మిర్చీ సాలన్, మరో మిఠాయి. బిర్యానీలో మాంసం తగ్గితే ఆ లోటు వెంటనే కనిపిస్తుంది. గరిటె ముంచినప్పుడు ముక్క పడలేదని పిల్లలే ముందు అంటారు.

బగారా అన్నం, దాల్చా అలా కాదు. మన తెలుగునేల మీద, ముఖ్యంగా తెలంగాణలో, ముస్లింల దావత్‌లలో ఈ జోడీ ఎప్పటినుంచో ఉంది. దాల్చాలో ఎముకల మాంసం కొద్దిగా వేసినా దాని సారం పప్పంతా వ్యాపిస్తుంది. గరిటెడు గరిటెడుకూ రుచి ఒకటే. ఇది పేదరికం దాచుకునే వంట కాదు, పెద్ద పెద్ద పెళ్లి విందుల్లోనూ గౌరవంగా నిలిచిన వంట.

ధరల తేడా చూడండి. చాలా ఊళ్లలో కిలో మటన్ ధర కిలో కోడి మాంసం ధరకు మూడు నాలుగు రెట్లు. రెండు కిలోల మటన్ బదులు దాల్చాకు ముప్పావు కిలో ఎముకల మటన్, కుర్మాకు కిలోన్నర కోడి తీసుకుంటే మాంసం ఖర్చు దాదాపు నలభై శాతం తగ్గుతుంది. నెయ్యి, కేసరి ఖర్చు ఎలాగూ ఉండదు. అయినా దస్తర్‌ఖాన్ మీద రెండు కూరలు కనిపిస్తాయి.

కాబట్టి మన పట్టిక ఇది: ఉదయం షీర్ ఖుర్మా. మధ్యాహ్నం బగారా అన్నం, దాల్చా, ఆలుగడ్డలు వేసిన కోడి కుర్మా, పెరుగు చట్నీ, నిమ్మ చెక్కతో ఉల్లి ముక్కలు. తీపికి పొద్దున్నే తీసి ఉంచిన షీర్ ఖుర్మానే చాలు. రెండో మిఠాయి అవసరం లేదు.

బగారా అన్నం

పదిహేను మందిలో ఐదుగురు పిల్లలనుకుంటే కిలోన్నర బియ్యం సరిపోతుంది. బాస్మతీయే కావాలని పట్టుబట్టకండి. మంచి పాత సోనామసూరి అయితే మెతుకు విడివిడిగా వస్తుంది. కొత్త బియ్యం మాత్రం ముద్దవుతాయి. బియ్యం కడిగి అరగంట నానబెట్టాలి. పెద్ద గిన్నెలో ఒకటిన్నర గ్లాసుల నూనె కాకుండా, ముప్పావు గ్లాసు నూనె పోసి షాజీరా, దాల్చినచెక్క, నాలుగు యాలకులు, ఆరు లవంగాలు, రెండు బిర్యానీ ఆకులు వేయాలి. నాలుగు ఉల్లిగడ్డలు సన్నగా తరిగి ఎర్రగా వేయించాలి. అన్నం రంగూ వాసనా ఇక్కడే తేలతాయి, తొందరపడవద్దు. తర్వాత మూడు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, ఎనిమిది పచ్చిమిరపకాయలు, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర వేసి పచ్చివాసన పోయాక నీళ్లు పోయాలి. సోనామసూరి అయితే గ్లాసుకు రెండు గ్లాసులు, బాగా నానితే కాస్త తక్కువ. ఎసరు రుచి చూసినప్పుడు ఉప్పు కొంచెం ఎక్కువనిపించాలి, బియ్యం దాన్ని పీల్చుకుంటుంది. నీళ్లు ఇగిరాక మూత మీద బరువు పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు ఉంచి దించండి.

దాల్చా

శనగపప్పు మూడు వందల గ్రాములు, కందిపప్పు రెండు వందల గ్రాములు. శనగపప్పును రెండు గంటలు నానబెడితే గ్యాసు ఆదా అవుతుంది. ముప్పావు కిలో ఎముకల మటన్‌కు అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు పట్టించి, ఉల్లితో వేయించి, నీళ్లు ధారాళంగా పోసి కుక్కరులో మెత్తబడే దాకా ఉడికించాలి. ఆ శోర్వాను పారబోయకండి, దాల్చాకు ప్రాణం అదే. పప్పులు వేరుగా ఉడికించి మెదపాలి. ఒక పెద్ద సొరకాయ (ఆనపకాయ) పెద్ద ముక్కలుగా కోసి, నాలుగు టమాటాలతో శోర్వాలో ఉడకనివ్వాలి. ముక్క మెత్తబడిన తర్వాతే చింతపండు పులుసు పోయాలి. ముందే పోస్తే పులుపు వల్ల ముక్కా పప్పూ త్వరగా ఉడకవు. చివర వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు తాలింపు.

మాంసం తినని స్నేహితులు వచ్చేటట్లయితే, ఎముకల శోర్వా కలపక ముందే పప్పులో కొంత వేరే గిన్నెలోకి తీసి, సొరకాయతో విడిగా చేయండి. గరిటె కూడా వేరుగా ఉంచండి. హిందూ మిత్రులు మన ఇంట్లో నిస్సంకోచంగా కూర్చుని తినగలగడం కూడా పండుగ మర్యాదలో భాగమే.

కోడి కుర్మాకు కిలోన్నర కోడిని చిన్న ముక్కలుగా కొట్టించండి. అరకిలో ఆలుగడ్డలు కలిస్తే కూర నిండుగా ఉంటుంది. జీడిపప్పు ముద్దకు బదులు ఎండుకొబ్బరి, గసగసాలు కొద్దిగా, లేదంటే వేయించిన పల్లీలు నూరి వేసినా గుజ్జు చిక్కబడుతుంది.

ఇంతకూ వీలుకాని ఇళ్లలో తహారీ చేయండి. అరకిలో ఖీమా, కిలోన్నర బియ్యం, అరకిలో ఆలుగడ్డలు, పసుపు, పుదీనా. ఒకే గిన్నె, ఒకే పొయ్యి, పక్కన పెరుగు చట్నీ. అదీ భారమైతే బగారా అన్నంలోకి మనిషికో గుడ్డు చొప్పున పుల్లని గుడ్ల కూర. వేడిగా, నవ్వు ముఖంతో వడ్డిస్తే దానికి వంక పెట్టే అతిథి అరుదు.

షీర్ ఖుర్మా ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

ఫార్సీలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. పేరులో ఉన్నవి ఈ రెండే. బాదం, పిస్తా, జీడిపప్పు, సారపప్పు నాలుగూ ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఖర్చంతా పెరిగేది అక్కడే. రెండు లీటర్ల పాలు, నూరు గ్రాముల సన్న సేమ్యా, పది పన్నెండు ఎండు ఖర్జూరాలు, యాభై గ్రాముల బాదం, అరచిప్ప ఎండుకొబ్బరి, రెండు చెంచాల కిస్‌మిస్, తగినంత చక్కెర ఉంటే చిన్న కప్పులతో ఇరవై మందికి వస్తుంది.

ఎండు ఖర్జూరాలు, బాదం రాత్రే నానబెట్టి, గింజలూ తొక్కలూ తీసి సన్నని పొరలుగా కోయండి. సేమ్యాను రెండు చెంచాల నేతిలో ఎర్రగా వేయించాలి. పాలు కాగి కొంచెం చిక్కబడ్డాక ముందు సేమ్యా వేసి మెత్తబడనివ్వాలి, ఆ తర్వాతే చక్కెర. బాదం, కొబ్బరి పొరలను నేతిలో వేయించి గిన్నెలో కలిపేయకుండా విడిగా ఉంచుకుని, కప్పుల్లో పోశాక పైన చల్లండి. కొద్దిపాటి పప్పులే ప్రతి కప్పులోనూ కనబడతాయి. నిలువ ఉన్న కొద్దీ సేమ్యా పాలు పీల్చి గట్టిపడుతుంది కాబట్టి అర లీటరు వేడి పాలు అదనంగా ఉంచుకుని, వచ్చేవారు వచ్చినప్పుడల్లా కొంచెం కలిపి వదులు చేసుకోవచ్చు.

ఎప్పుడు ఏం కొనాలి?

చివరి పది రోజుల్లో సేమ్యా, ఎండుపండ్ల దుకాణాల ముందు జనం నిలువలేరు. ధరలూ అందుకు తగ్గట్టే ఉంటాయి. అందుకే నిలువ ఉండే సరుకులు పదిహేనో రోజా లోపే కొనేయండి: బియ్యం, పప్పులు, చింతపండు, నూనె, మసాలా దినుసులు, సేమ్యా, ఎండు ఖర్జూరం. ఉల్లి, వెల్లుల్లి సంత రోజున తెచ్చుకోండి. పండుగకు రెండు రోజుల ముందే ఉల్లి వేయించి గాలి చొరని డబ్బాలో పెట్టుకుంటే ఆ నూనే బగారాకు పనికొస్తుంది, పండుగ రోజు గంట పని తగ్గుతుంది.

పాలు, పెరుగు, మాంసం విషయంలో మాత్రం తొందర కూడదు. ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం నెలవంక కనబడుతుందో లేదో ముందే ఎవరూ చెప్పలేరు. కనబడుతుందని మాంసం కొని తెచ్చి, ముప్పై రోజాలు పూర్తి చేయవలసి వస్తే ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ మాంసం ఏమవుతుంది? పాలవాడితోనూ, మాంసం దుకాణం వారితోనూ ముందే మాట్లాడి పెట్టుకోండి. హిలాల్ కమిటీ ప్రకటన వెలువడ్డాకే తూకం వేయించండి.

నలుగురూ కలిస్తే

పల్లెల్లో నలుగురు కలిసి ఒక పోతును కొని, కోయించి, పోగులు వేసి పంచుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. దుకాణం ధరకంటే ఇది సాధారణంగా చవక. పైగా దాల్చాకు కావలసిన ఎముకలు, పండుగ మర్నాటికి పాయాకు కాళ్లు అందులోనే వస్తాయి. పట్టణాల్లోనూ ఒకే గల్లీలో ఉండే మూడు నాలుగు కుటుంబాలు ఇలా చేసుకోవచ్చు.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు దగ్గర దగ్గర ఇళ్లలో ఉంటే ప్రతి ఇంట్లోనూ అన్నీ వండడం ఎందుకు? ఒకరు బగారా, ఒకరు దాల్చా, ఒకరు షీర్ ఖుర్మా చేసి పెద్దవారింట్లో ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటే ఖర్చూ పనీ మూడు వంతులవుతాయి. ‘ఆపా, ఈసారి మీ చేతి దాల్చా మీ వంతు’ అని ముందే పంచుకోవాలి. గిన్నెలూ గంగాళాలూ అద్దెకు తెచ్చుకునే ముందు ఇరుగుపొరుగును అడగండి.

ముప్పై రోజులు రోజా ఉండి, సహరీకి అందరికంటే ముందు లేచిన ఇల్లాలే పండుగ రోజంతా పొయ్యి దగ్గర నిలబడితే ఆమెకు ఈద్ ఏది? ఉల్లి తరగడం, అల్లం వెల్లుల్లి నూరడం, ఖర్జూరాలు కోయడం, పాత్రలు కడగడం మగపిల్లలూ మగవారూ పంచుకోవాలి. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. వడ్డన మొదలుపెట్టక ముందే, వండినవారి కోసం ముక్కలతో సహా ఒక గిన్నె తీసి మూత పెట్టండి. చివర కూర్చున్న ఆడవారికి అడుగు శోర్వా మాత్రమే మిగలడం ఏ పండుగకూ శోభ కాదు.

మిగిలింది వృథా కాకుండా

మొదట అన్నం, దాల్చా వడ్డించి, కోడి ముక్కలు ఒకరు స్వయంగా వడ్డిస్తే అందరికీ అందుతాయి. పిల్లల పళ్లేల్లో కొంచెం కొంచెంగా పెట్టాలి. ఎంగిలి పడని అన్నాన్ని మధ్యాహ్నమే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మీకు లేకపోతే పక్కింటి వారి ఫ్రిజ్‌ను అడగండి. వేడి వాతావరణంలో రాత్రి దాకా బయట వదిలేసిన అన్నం తినకపోవడమే క్షేమం. అంతకంటే, సాయంత్రానికే ఇంకో ఇంటికి పంపడం ఇంకా మంచిది. దాల్చా మాత్రం బాగా మరిగించి చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచితే బాసీ ఈద్ నాడు మరింత రుచిగా ఉంటుంది.

వచ్చే ఏడాదికి ఇప్పుడే

మన జీతాలు, బడి ఫీజులు ఇంగ్లీషు నెలల మీద నడుస్తాయి. పండుగ చంద్రుడితో నడుస్తుంది. చాంద్రమాన సంవత్సరం 354 లేదా 355 రోజులే కావడంతో ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న ఈద్ జరుపుకున్నాం. 2000 సంవత్సరంలోనైతే జనవరిలో ఒకటి, డిసెంబరులో ఒకటి, రెండు ఈదుల్ ఫిత్ర్‌లు వచ్చాయి. పోయిన ఏడు జీతం అందాక వచ్చిన పండుగ ఈ ఏడు నెలాఖరులో, చేతిలో పైసా లేనప్పుడు రావచ్చు. క్యాలెండరులో తేదీ ముందే చూసుకుని, ఆ వారం ఇంట్లో డబ్బు ఉంటుందో ఉండదో లెక్క కట్టుకోవడం ఇందుకే అవసరం.

షవ్వాల్ నెల నుంచే ఒక డబ్బా పెట్టుకుని రోజుకు పది రూపాయలు వేస్తే, మళ్లీ ఈద్ వచ్చేసరికి మూడున్నర వేలు ఉంటాయి. పైన చెప్పిన విందులో పెద్ద భాగం దానితోనే వెళ్లిపోతుంది. రోజుకు పది వీలుకాకపోతే ఐదు వేయండి. మసీదు కమిటీలు, మహల్లా పెద్దలు చొరవ తీసుకుని ఇలాంటి పొదుపును వడ్డీ లేకుండా పదిళ్లకు కలిపి నడిపితే, టోకు ధరకు బియ్యం, పప్పులు, సేమ్యా తెచ్చి పంచుకోవచ్చు కూడా.

ఈద్‌గాహ్ నుంచి తిరిగి వచ్చి, అలాయ్ బలాయ్ తీసుకుని దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్న అతిథి ముందు మూడు విషయాలు ఉంటే చాలు: వేడి అన్నం, అందరికీ సరిపడే కూర, అప్పు బెంగ లేని ఇంటివారి ముఖాలు. ఫిత్రా ఇచ్చి, పొరుగింటికి గిన్నె పంపి, వడ్డీ గుమ్మం తొక్కకుండా వండిన దాల్చా ఎవరింటి బిర్యానీకీ తీసిపోదు.